బడితోటకు ముందు నీళ్ల లెక్క

మా బడిలో తోట వేద్దామనగానే టీచర్లందరూ మొక్కల పేర్లు చెప్పడం మొదలుపెట్టారు. గులాబీలని ఒకరు, డ్రాగన్ ఫ్రూట్ అని ఒకరు. నేను లెక్కల అయ్యోరిని, నీళ్ల సంగతి తేలాకే మొక్కలన్నాను. మాది చంద్రగిరి మండలం. ఏప్రిల్ వస్తే బడి బోరు నీళ్లకంటే గాలే ఎక్కువ పోస్తుంది.

తొమ్మిదో తరగతి పిల్లలు టేపు పట్టి మిద్దె కొలిచారు, 150 చదరపు మీటర్లు వచ్చింది. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. అంటే 10 మి.మీ. వానకు 1500 లీటర్లు. మిద్దె కడిగిన తొలి జల్లు వదిలేసి, తరుగు కింద ఐదో వంతు తీసేసినా 1200.

వినడానికి బాగుంది కానీ ఖర్చు కూడా చూడాలి కదా. మడికి చదరపు మీటరుకు రోజూ 5 లీటర్లనుకుంటే 60 చదరపు మీటర్లకు 300 లీటర్లు. 5000 లీటర్ల ట్యాంకు నిండుగా ఉన్నా పదహారు రోజులే. పైగా మా వైపు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు తర్వాత. అప్పుడు మడికి నీళ్లే అక్కర్లేదు. నీళ్లు కావాల్సిన మే నెలలో బడే ఉండదు.

అందుకని ట్యాంకు పెంచకుండా పంటనే వానకు సర్దాం. బడి తెరిచాక చిర్రాకు, గోంగూర, బెండ. వేరుశనగ చేలల్లో వేసినట్టు వానాకాలంలోనే గట్ల వెంబడి చిక్కుడు జాతి అనప. వేసవికి మళ్లు ఖాళీ, మునగ, కరివేపాకు, అరటి మాత్రం ఉంటాయి. అనప మా వంటక్క మాట. "గులాబీలు కూరకొస్తాయా అయ్యోరా? అనపకాయలు పెట్టండి, పండక్కి ముందు పిల్లోళ్లకు పితికిపప్పు చేస్తా" అంది. ఈ మొత్తం ప్రణాళికలో అంత తూకమైన మాట ఇంకెవరూ చెప్పలేదు.

వానతో పనిలేని నీళ్లు ఇంకొన్ని బడిలోనే ఉన్నాయి. భోజనాలయ్యాక రెండొందల మంది చేతులు, పళ్లేలు కడుగుతారు. మనిషికి లీటరైనా 200 లీటర్లు. సబ్బు ఉంటుంది కనుక ఆకుకూరలకు వద్దన్నాను. మెతుకులకు జల్లెడ పెట్టి, ఇసుక, గులకరాళ్ల గుంత దాటించి అరటి పాదులకు మళ్లిస్తాం. సెలవుల్లో మాత్రం అరటికి ఆ బోరే దిక్కు.

ఇక ట్యాంకు నీళ్లు పైకెక్కించే సోలార్ పంపు. ఒక కంపెనీ మనిషి 3 హెచ్‌పీ పంపుకు కొటేషన్ ఇచ్చిపోయాడు. అంటే రెండు కిలోవాట్లకు పైమాటే! పదో తరగతి వాళ్లతో బోర్డు మీద కట్టించాను. 500 లీటర్లను 5 మీటర్లు ఎత్తడానికి 500×9.8×5, అంటే 24,500 జౌళ్లు. వాట్ అవర్లలో ఏడు కూడా కాదు. పంపు నూటికి ఇరవై పాళ్లే పనిచేసినా 34. ఒక్క 100 వాట్ల ప్యానెల్ మంచి ఎండలో గంటలోపే ఇస్తుంది. 12 వోల్టుల డీసీ పంపు చాలు, బ్యాటరీ వద్దు. ఎండున్నప్పుడు నీళ్లు స్టాండు మీది చిన్న ట్యాంకుకు ఎక్కిస్తే, అక్కణ్నుంచి అవే దిగుతాయి.

డ్రిప్ దగ్గర కొంచెం ఆగాల్సొచ్చింది. ఒక కేజీ ప్రెషర్ కావాలంటే నీళ్లు పది మీటర్ల ఎత్తులో ఉండాలి, మా స్టాండు మూడే. అందుకే మామూలు డ్రిప్పర్లకు బదులు మైక్రోట్యూబులు, అంటే సన్నటి గొట్టాలు, రాసుకున్నాం, ముందు ఫిల్టరు తప్పనిసరి. ట్యాంకు నల్లది, మూతకు దోమతెర. ప్యానెల్ దక్షిణం వైపు, సుమారు 14 డిగ్రీల వాలు, వేపచెట్టు నీడకు దూరంగా.

ట్యాంకు పొర్లిన నీళ్లు నీరు-మీరు పథకం రోజుల నాటి ఇంకుడు గుంతకు పోవాలి. అది మట్టితో పూడిపోయింది, ముందు పూడిక తీయించాలి.

తల్లిదండ్రుల కమిటీ అన్నిటికీ సరేనంది, కంచెకు తప్ప. శేషాచలం కోతులకు కంచె అడ్డమా అని చైర్మన్ అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. టమాటాను పట్టికలోంచి కొట్టేశాం.