వాలుగ దవడ, అరటి డొప్ప, నా తొలి చొక్కా

విశాఖలో పలాస ప్యాసింజరు ఎక్కేటప్పటికి నా సంచిలో పదహారు డిజైన్లు గీసుకున్న పుస్తకం, కొలత టేపు, కురచైపోయిన ఒక చొక్కా ఉన్నాయి. పొందూరు ఖద్దరని చెప్తే నమ్మి గుడ్డ కొని కుట్టిన చొక్కా అది. తొలి ఉతుకుకే చేతులు మణికట్టు దాటి పైకెళ్లిపోయాయి. తప్పు గుడ్డదా, తడిపి ఆరేయకుండా కత్తెర పెట్టిన నాదా? తేలలేదు. నేలకు బరువు కాని బట్టలతో సొంత బ్రాండ్ మొదలుపెట్టాలనుకున్నదాన్ని, పోగు ఎక్కడ పుడుతుందో చూడకుండా ఎలా కుదురుతుంది?

చీపురుపల్లి, సిగడాం దాటాక పొందూరు. గాంధీజీ యంగ్ ఇండియాలో రాసిన ఖద్దరు ఈ ఊరిదే. దిగి నేరుగా ఖాదీ సంఘానికి వెళ్లాను. అక్కడివాళ్లు ఒక మామ్మ ఇంటికి దారి చూపించారు.

వాకిట్లో చాప మీద కొండపత్తి. మామ్మ చేతిలో చిన్న పుల్లకు కట్టిన వాలుగ చేప దవడ. సన్నటి పళ్ల వరస దువ్వెనలా ఉంది. దాంతో పత్తిని గింజ మీదే దువ్వుతోంది. నలుసు నలుసుగా చెత్త రాలిపోతోంది, పోగులు ఒకవైపుకి సర్దుకుంటున్నాయి.

"ఏలెట్టకమ్మా, గీసుకుంటాది" అంది.

తర్వాత గింజ తీయడం, దూదిని ఏకి మెత్తగా విడదీయడం, దాన్ని వడకడానికి వీలుగా సన్నటి చుట్టలుగా, అంటే ఏకులుగా చుట్టడం. ఆ ఏకులను ఎండిన అరటి డొప్పలో పెట్టింది, దుమ్మంటకుండా. ఇంత పనయ్యాక గానీ రాట్నం ముందు కూర్చోలేదు. ఆమె పట్టిన ఏకులోంచి దారం వస్తోందో లేదో నాకు కనబడలేదు. వెలుతురుకు ఎదురుగా వంగి చూస్తే మెరిసింది. నూలు ఎంత సన్నదో చెప్పేది దాని నంబరు. నూరో నంబరు నూలంటే ఒక పౌను బరువులో 84,000 గజాల పొడవు, అంటే దాదాపు 77 కిలోమీటర్లు. ఆ ఉదయం నేను రైల్లో వచ్చిన దూరంలో చాలా భాగం.

"మీ ఇంట్లో ఇంకెవరు వడుకుతారు మామ్మా?"

"ఎవులూ లేరమ్మా. మా మనవరాలు కొట్లో పనికెల్తంది. నెలయ్యీసరికి జీతం చేతికొస్తాది. దీంట్లో ఎంత తిప్పితే అంతే కదా!"

ఆ మాట దగ్గర నా లెక్కలన్నీ ఆగిపోయాయి. అప్పటిదాకా నేను ధరను కొనేవాళ్ల వైపునుంచి కట్టుకుంటూ వచ్చాను. చొక్కా ఇంతకు అమ్ముడుపోవాలి కాబట్టి గుడ్డకు ఇంత, అని. రసాయనాల రంగు లేకపోయినా, ప్లాస్టిక్ గుండీ వాడకపోయినా, వడికే చేతికి గిట్టకపోతే ఈ గుడ్డ మరో తరానికి ఉండదు. మామ్మ చాప మీదే కూర్చుని పుస్తకం వెనక పేజీలో మళ్లీ మొదలుపెట్టాను: ముందు నూలు కూలి, తర్వాత నేత, ఆ తర్వాతే నా కుట్టు.

మధ్యాహ్నం గుంట మగ్గం దగ్గర నేత పనిచేసే ఒక పెద్దాయన నా డిజైన్లు తిరగేశారు. టేపు తీసి గుడ్డ పన్నా, అంటే వెడల్పు, కొలిచి చూపించారు. ఆ పన్నాలో నా గేర గౌన్లు ఇమడవు, ముక్కలు చాలా మిగిలిపోతాయి. అక్కడికక్కడే పదకొండు కొట్టేశాను. మిగిలినవి నిలువుగా, ముక్క పారేయకుండా కోయగలిగినవి. తిన్నటి చొక్కాలు, పొడుగు కుర్తాలు. రంగు కూడా వద్దనుకున్నాను. ఆ వెన్నెల తెలుపు మీద ఏది వేసినా అనవసరమే అనిపించింది.

సంఘంలో ఇంకో సంగతి గట్టిగా చెప్పారు. 2013 నాటి ఖాదీ మార్క్ నిబంధనల ప్రకారం ఆ గుర్తింపు లేకుండా ఖాదీ అన్న పేరుతో గుడ్డ అమ్మకూడదు. చేతితో వడికి, చేతితో నేసినదై ఉండాలి. నా లేబుల్ మీద ఖాదీ అన్న మాట వేసే ముందు ఆ గుర్తింపు పని పూర్తిచేయాలి.

"ఎప్పటికి కావాలి?" అని అడిగారు పెద్దాయన. పండక్కి అనబోయి ఆగాను.

"నూలు ఎప్పటికి వస్తే అప్పటికే మగ్గం మీద పడుగు వేయండి బాబాయ్."

బయానా ఇచ్చి, నలభై మీటర్లు రాయించి, తేదీ గడి ఖాళీగా వదిలేశాను.