వెనక గదికి వైఫై చేరేదాకా

వెనక గదిలో ఫోన్ వైఫైకి కనెక్ట్ అయినట్టే చూపించేది, వీడియో కాల్ మాత్రం మాట మధ్యలో బిగుసుకుపోయేది. ఎవరిని అడిగినా ఒకటే సలహా: ప్లాన్ పెంచుకో. పెంచేముందు లాప్‌టాప్‌ని హాల్లో ఉన్న రౌటర్‌కి లాన్ కేబుల్‌తో కలిపి స్పీడ్ టెస్ట్ పెట్టాను. రావలసినదంతా వస్తోంది. అంటే తేడా బయటి లైన్‌లో లేదు, రౌటర్‌కీ వెనక గదికీ మధ్య ఉంది. అలాంటప్పుడు ప్లాన్ రెట్టింపు చేసినా ఒరిగేదేమీ లేదు.

ఫోన్ చూపించే గీతల్ని నేను పెద్దగా నమ్మను. ఏ సిగ్నల్‌కి ఎన్ని గీతలన్నది ఒక్కో ఫోన్ ఒక్కోలా లెక్కేస్తుంది. వైఫై అనలైజర్ యాప్ అయితే సిగ్నల్‌ని డీబీఎంలలో అంకెగా చెబుతుంది. అన్నీ మైనస్ అంకెలే, సున్నాకి ఎంత దగ్గరైతే అంత బలం. కాల్ సాఫీగా సాగాలంటే -67 దగ్గరైనా ఉండాలని సాధారణంగా లెక్క. -80కి దిగిందంటే కనెక్ట్ అయి ఉన్నామన్న తృప్తే తప్ప పనేమీ జరగదు. 10 డీబీ తగ్గితే సిగ్నల్ శక్తి పదో వంతుకు పడిపోయినట్టు. ఫోన్ పట్టుకుని ఇల్లంతా తిరిగి గదివారీగా కాగితం మీద రాసుకున్నాను. హాల్లో -40, వెనక గదిలో -79. తలుపు మూస్తే ఇంకాస్త పోయేది.

ముందు డబ్బు ఖర్చు కాని పనులు. టీవీ వెనక, నేలకి దగ్గరగా ఉన్న రౌటర్‌ని తీసి, నడవా మొదట్లో ఎత్తుగా బిగించాను. కాంక్రీటు, ఇనుము, అద్దం వెనకుండే లోహపు పూత, ఇవన్నీ సిగ్నల్‌కి శత్రువులే. యాంటెన్నాల్ని గది వైపు గురిపెట్టినట్టు వంచేవాళ్లు చాలామంది ఉన్నారు. నిజానికి ఆ కర్ర కొనవైపు సిగ్నల్ వెళ్లేది తక్కువ, పక్కలకే ఎక్కువ. అందుకే ఒకే అంతస్తు ఇంటికి నిటారుగా ఉంచడమే మేలు. ఇంతమాత్రానికే వెనక గది అంకె -72కి వచ్చింది.

తర్వాత ఛానెల్, అంటే రౌటర్ గాలిలో వాడుకునే దారి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండేవి 1, 6, 11. ఇరుగుపొరుగు రౌటర్లన్నీ 6 మీదే కూర్చున్నాయి. నేను 11కి మారి, వెడల్పుని 40 నుంచి 20 మెగాహెర్ట్జ్‌కి తగ్గించాను. సిగ్నల్ అంకె మారలేదు గానీ సాయంత్రం పూట తెగిపోవడం బాగా తగ్గింది. 5 గిగాహెర్ట్జ్ వేగం ఎక్కువే, కానీ గోడలు దాటడంలో దానికంత ఓపిక లేదు.

ఇక రిపీటర్, రౌటర్ సిగ్నల్‌ని అందుకుని మళ్లీ పంపే పెట్టె. కొనకుండా తెలిసినవాళ్ల దగ్గర అడిగి తెచ్చాను, మంచిదైంది. గీతలు నిండాయి, వేగం సగమైంది. ఒకే రేడియోతో రౌటర్ నుంచి అందుకోవాలి, అదే రేడియోతో మళ్లీ ఫోన్‌కి పంపాలి కాబట్టి అంతే. పైగా దాన్ని సిగ్నల్ చచ్చిపోయిన గదిలోనే పెట్టేస్తారు. మాట వినపడనంత దూరంలో నిలబెట్టి, విన్నది గట్టిగా చెప్పమన్నట్టు ఉంటుంది. పెడితే దారి మధ్యలో పెట్టాలి. మెష్, అంటే ఒకే వైఫైగా కలిసి పనిచేసే పెట్టెల జట్టు, వీటికన్నా నయమే, అయినా దాని పెట్టెల మధ్య కూడా వైరు ఉంటేనే అసలు బలం.

కాబట్టి చివరికి వైరే. గోడ అంచు వెంబడి క్యాట్ 6 కేబుల్ లాగించాం. గిగాబిట్ వేగానికి 100 మీటర్ల దాకా ఢోకా లేదు, ఇల్లు అందులో ఎన్నో వంతు? వెనక గదిలో పాత రౌటర్‌నే యాక్సెస్ పాయింట్‌గా, అంటే వైరులో వచ్చేదాన్ని వైఫైగా ఇచ్చే పెట్టెగా పెట్టాను. దాని ఐపీ అడ్రస్ మార్చి, డీహెచ్‌సీపీ (పరికరాలకి అడ్రస్‌లు పంచే పని) ఆపేసి, కేబుల్‌ని ఇంటర్నెట్ అని రాసి ఉన్న పోర్టులో కాకుండా లాన్ పోర్టులో గుచ్చాలి. రెండు రౌటర్లూ అడ్రస్‌లు పంచడం మొదలెడితే ఇల్లంతా గందరగోళమే. పేరు, పాస్‌వర్డ్ హాల్లోవే ఇచ్చి, ఛానెల్ మాత్రం 1 పెట్టాను.

అంతా అయ్యాక వేగం సరిగ్గా 94 మెగాబిట్స్ దగ్గర ఆగిపోయింది. అంత కచ్చితంగా ఒకచోట నిలిచిందంటే గాలిలోని వైఫైని అనుమానించక్కర్లేదు, కేబుల్ లింక్ 100 మెగాబిట్స్‌కి పడిపోయిందన్నమాటే. గిగాబిట్‌కి కేబుల్‌లోని ఎనిమిది తీగలూ తగలాలి. విప్పి చూస్తే ఒక జాక్‌లో గోధుమరంగు తీగ లోపలిదాకా వెళ్లలేదు. తెగ్గోసి మళ్లీ క్రింప్ చేయిస్తే, అంటే కొత్త జాక్ నొక్కి బిగింపిస్తే, లింక్ 1000 చూపించింది.

మిగిలిన చికాకు ఫోన్లది. వెనక గదిలోకి వచ్చినా హాల్ రౌటర్‌నే పట్టుకు వేలాడేవి, ఎప్పుడు మారాలో నిర్ణయించేది ఫోనే మరి. హాల్ రౌటర్ ట్రాన్స్‌మిట్ పవర్ ఒక మెట్టు తగ్గించాక అవే మారుతున్నాయి. బాల్కనీ చివర ఇప్పటికీ -75 వస్తుంది. అక్కడ మొబైల్ డేటా బాగానే ఉంది కాబట్టి దాని జోలికి పోలేదు.