పాటల ఆట పిల్లలకు ఇవ్వొచ్చా? నేను చూసిన పద్ధతి

విజయవాడ మే నెల ఎండలో పదకొండు దాటాక పిల్లల్ని కిందికి పంపలేం. అందుకే సెలవుల్లో మా అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లో టీవీకి ఏదైనా పాటల ఆట పెడదామని అసోసియేషన్ వాళ్లు అనుకున్నారు. ఆరు నుంచి పదమూడేళ్ల దాకా పద్దెనిమిది మంది పిల్లలు. ఏది పెట్టొచ్చో, ఏది వద్దో చూసి చెప్పే పని నాకు అప్పజెప్పారు. వచ్చినవి మూడు. ఎవరో ఇల్లు మారుతూ ఇచ్చేసిన పాత ఎక్స్‌బాక్స్ 360 (టీవీకి తగిలించి ఆడే పరికరం, కన్సోల్ అంటారు), దాంతోపాటు ప్లాస్టిక్ గిటారు, తెర మీద వచ్చే రంగులను చూసి పాటకు తగ్గట్టు ఆ గిటారు మీటలు నొక్కే గిటార్ హీరో 3 డిస్కు. ఫోన్లో ఉచితంగా దొరికే టైల్స్ ఆట, పాటకు తగ్గట్టు జారే పలకలను వేలితో తాకాలి. ఒకరి మామయ్య అమెరికా నుంచి తెచ్చిన, కళ్లకు తొడుక్కుని ఆడే వీఆర్ హెడ్‌సెట్, అందులో తాళానికి తగ్గట్టు ఎదురొచ్చే దిమ్మెలను కత్తితో నరికే బీట్ సేబర్.

మొదట రేటింగ్ చూశాను. సినిమాకైతే సెన్సార్ బోర్డు ఉంది, ఇప్పుడు యూఏలోనే 7+, 13+, 16+ అని మూడు రకాలు కూడా వచ్చాయి. ఆటలు ఆ బోర్డు దగ్గరికి వెళ్లవు. ఆటలకు వయసు రేటింగ్ ఇచ్చే సంస్థలు వేరే ఉన్నాయి: అమెరికా డిస్కు పెట్టె మీద ఈఎస్ఆర్‌బీ అక్షరం ఉంటుంది, యూరప్ పెట్టె మీద పెగి అంకె ఉంటుంది. గిటార్ హీరో 3కి వచ్చిన అక్షరం ‘టి’, అంటే పదమూడు, ఆపై వయసు వాళ్లకని. చాలామంది ముందు వైపు అక్షరం చూసి పెట్టె పక్కన పెట్టేస్తారు. అసలు సంగతి వెనక వైపు ఉంటుంది, అది ఎందుకు ఇచ్చారో రెండు మూడు మాటల్లో అక్కడ రాస్తారు. పాటల ఆటల్లో అక్కడ తరచూ కనిపించే మాట ‘లిరిక్స్’. తెర మీద ఏ గొడవా లేకపోయినా పాటలోని మాటల వల్లే వయసు పెరుగుతుంది.

దీనికి మంచి రుజువు ఒకటుంది. 2007లో వచ్చిన రాక్ బ్యాండ్ అనే ఇలాంటి ఆటకే ‘టి’ ఇచ్చారు. 2009లో వచ్చిన లెగో రాక్ బ్యాండ్‌కు పదేళ్లు నిండితే చాలన్నారు. రెండింట్లోనూ అదే గిటారు, అవే రంగు మీటలు, ఆడే తీరూ అదే. మారినవి బొమ్మలు, మరీ ముఖ్యంగా పాటల ఎంపిక. కాబట్టి ఆటను కాదు, పాటల జాబితాను ముందు పట్టుకోవాలి.

నేను చేసింది ఇది. డిస్కులోని పాటల పేర్లన్నీ కాగితం మీద రాసుకున్నాను. ఒక్కో పాట సాహిత్యం తెరిచి, సంగీతం లేకుండా, నిదానంగా చదివాను. వింటూ చూస్తే కుదరదు. గిటారు హోరులో ఇంగ్లిషు మాటలు మనకు సగం కూడా అందవు, కానీ పిల్లలకు పదోసారికి అందుతాయి. ప్రతి పాట ఎదురుగా బూతు, మత్తు, శృంగారం, హింస అని నాలుగు గళ్లు గీసి గుర్తు పెట్టాను. ఆటలో బూతు మాటను మూసేసినా నేను గుర్తు తీసేయలేదు. అక్కడ వినిపించే ఖాళీయే పిల్లవాడికి ప్రశ్న అవుతుంది, జవాబు ఎవరో పెద్ద పిల్లవాడు చెప్తాడు.

ఇంత పట్టింపు ఎందుకంటే, ఈ ఆటల్లో పాట ఒక్కసారితో పోదు. గిటార్ హీరో 3లో ఈజీ, మీడియం, హార్డ్, ఎక్స్‌పర్ట్ అని నాలుగు మెట్లు. ప్రాక్టీస్ మోడ్‌లో పాటలో ఒక ముక్కనే ఎంచుకుని, వేగం తగ్గించి, చేయి తిరిగేదాకా తిప్పి తిప్పి వాయించొచ్చు. ఇరవై సెకన్ల పల్లవి ఒక మధ్యాహ్నంలో యాభైసార్లు వినపడుతుంది. ‘యూ సర్టిఫికెట్ సినిమాలో పాటే కదండీ’ అని తెలుగు పాటల టైల్స్ ఆట గురించి ఒకావిడ అడిగారు. సినిమాలో ఆ పాట రెండున్నర గంటల్లో నాలుగు నిమిషాలు. ఇక్కడ దాని పల్లవే ఆట. మన పాటైనా, ఇంగ్లిషు పాటైనా కొలత ఒకటే ఉండాలి.

ఇంకో తిరకాసు ఉంది. డిస్కులో ఉన్న పాటలకే రేటింగ్ వర్తిస్తుంది. తర్వాత నెట్‌లోంచి దించుకునే పాటలకు రేటింగ్ లేదని ఈఎస్ఆర్‌బీ వాళ్లే హెచ్చరిక పెట్టారు. ఆడేవాళ్లే పాటలు తయారుచేసి ఎక్కించే ఆటలైతే మరీను. అందుకే నా మొదటి నియమం: హాల్లో కన్సోల్‌కు వైఫై పాస్‌వర్డ్ ఇవ్వకూడదు.

టైల్స్ ఆట పక్కన ప్లే స్టోర్‌లో 3+ అని ఉంది. ఆ అంకె ఐఏఆర్‌సీ అనే అంతర్జాతీయ రేటింగ్ పద్ధతిలో వస్తుంది. ఆట చేసినవాళ్లు ప్రశ్నపత్రం నింపితే, ఆ జవాబులను బట్టి వయసు తేలుతుంది. నేను పిల్లల ఖాతాతో కాకుండా నా ఫోన్లో, కార్డు వివరాలేవీ లేని కొత్త ఖాతాతో నలభై నిమిషాలు ఆడాను. పది పాటలకు పద్నాలుగు ప్రకటనలు వచ్చాయి. అందులో ఒకటి డేటింగ్ యాప్‌ది. ఓడిపోగానే ‘కొనసాగాలంటే వీడియో చూడు’ అంటుంది. మూసే గుర్తు మూలన మినప గింజంత ఉంటుంది, అదీ ఐదారు సెకన్లు ఆగాకే కనిపిస్తుంది. పిల్లల వేలు దాని పక్కన పడితే స్టోర్ తెరుచుకుంటుంది. ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి చూశాను, రెండో పాటకే నెట్ కావాలని ఆగిపోయింది. అక్కడితో ఆ ఆటను పక్కన పెట్టేశాను. ఇంట్లో ఇలాంటివి ఇవ్వక తప్పదనుకునేవాళ్లు ప్లే స్టోర్ సెట్టింగుల్లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టుకోవాలి, పేరెంటల్ కంట్రోల్స్‌కు పిల్లలకు తెలియని పిన్ పెట్టాలి. అప్పటికే ఫోన్లో ఉన్న ఆటలను ఆ కంట్రోల్ తీసేయదు, అవి మనమే తీయాలి.

తెర మీద వేగంగా వచ్చే మెరుపులు కొందరికి మూర్ఛ తెప్పించగలవు. ఆ సంగతి ఎవరూ అడగలేదు గానీ నేను వదల్లేదు. 1997 డిసెంబరు 16న జపాన్ టీవీలో పోకెమాన్ ఎపిసోడ్‌లో ఎరుపు, నీలం సెకనుకు పన్నెండుసార్ల చొప్పున మెరిసినప్పుడు 600 మందికి పైగా, ఎక్కువగా పిల్లలే, ఆసుపత్రుల పాలయ్యారు. సెకనుకు మూడు మెరుపులు దాటకూడదన్నది వెబ్ పేజీలకు పెట్టిన ప్రమాణం, నేనూ అదే పట్టుకున్నాను. పాటల ఆటలో లెక్క తేలికే. నిమిషానికి 120 తాళపు దెబ్బల (బీట్స్) పాటలో దెబ్బకో మెరుపైతే సెకనుకు రెండు. అరదెబ్బకో మెరుపైతే నాలుగు, అంటే గీత దాటినట్టే. ఫోన్‌తో టీవీని స్లో మోషన్‌లో తీసి, ఒక సెకను ముక్కలో తెల్లబడినవి లెక్కపెట్టాను. జోరు పాటల చివర్లోనే ఎక్కువ. మూర్ఛ ఉన్న పిల్లలెవరైనా ఉన్నారా అని తల్లిదండ్రుల్ని విడివిడిగా అడిగాను, అందరి ముందు అడిగితే చెప్పరు. హాల్లో లైట్లు వేసే ఉంచాలి, టీవీకి ఎనిమిది అడుగుల దూరంలో నిలబడాలి. ఎవరికైనా తేడాగా అనిపిస్తే రెండు కళ్లూ మూయడం కాదు, ఒక కన్నును అరచేత్తో పూర్తిగా మూసి పక్కకు తిరగాలి.

చెవులకు లెక్క ఇది: పిల్లలకు 75 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌వో) చెప్పింది. ప్రతి 3 డెసిబెల్స్ పెరిగేకొద్దీ సమయం సగానికి తగ్గుతుంది. 81 దగ్గర పది గంటలే. ఇంట్లో హెడ్‌ఫోన్ పెట్టి ఆడేవాళ్లకు ఐఫోన్‌లో హెడ్‌ఫోన్ సేఫ్టీ కింద 75కు కట్టడి చేసే వీలుంది.

తాళం తప్పడం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఏడేళ్ల పాప గిటారు పట్టుకుంటే తెర మీద అన్నీ తప్పులే పడ్డాయి. ‘మా పాపకు తాళజ్ఞానం లేదండీ’ అని వాళ్లమ్మ అక్కడే అనేశారు. పాపను తెరకు వీపు పెట్టి నిలబెట్టి, అదే పాటకు చప్పట్లు కొట్టమన్నాను. ఒక్కటీ తప్పలేదు. తప్పంతా బ్లూటూత్ స్పీకరుది. 120 దెబ్బల పాటలో దెబ్బకు, దెబ్బకు మధ్య అర సెకను. ఆట మనకిచ్చే వెసులుబాటు సెకనులో పదో వంతు ఉంటే గొప్ప. బ్లూటూత్‌తో శబ్దం సెకనులో ఐదో వంతు దాకా ఆలస్యంగా వస్తుంది. చెవి విన్నదాన్ని పట్టి సరిగ్గా మీటినా ఆట దృష్టిలో ఆలస్యమే. స్పీకరు తీసేసి తీగతో కలిపాను, తెర మీద బొమ్మ ఆలస్యం తగ్గేలా టీవీని గేమ్ మోడ్‌లో పెట్టాను, ఆటలో ఆలస్యాన్ని సరిదిద్దే ‘కాలిబ్రేట్ లాగ్’ తెరిచి సరిచేశాను. పాప అదే పాటను ఈజీలో పూర్తి చేసింది. ఇలా సరిచేసుకునే వీలు లేని ఆటను చిన్నపిల్లలకు ఇవ్వకూడదని నా గట్టి అభిప్రాయం. తప్పు తనదేనని ఆ వయసులో నమ్మేస్తారు.

వీఆర్‌కు ఆట రేటింగ్ ఒకటి, పరికరం వయసు ఇంకొకటి. మెటా క్వెస్ట్ అనే హెడ్‌సెట్‌కు పదేళ్లు నిండాలి, పదమూడు లోపైతే తల్లిదండ్రుల అనుమతితో ఖాతా తీయాలి. ప్లేస్టేషన్ వీఆర్‌కైతే పన్నెండు. రెండు మీటర్ల చదరం ఖాళీ కావాలి, ఆ గీత లోపల ఇంకెవరూ నిలబడకూడదు. పద్దెనిమిది మంది ఉన్న హాల్లో ఆ గీత నిలవదు. పైగా మే నెల చెమట పట్టిన స్పాంజి ఒకరి ముఖం నుంచి ఇంకొకరి ముఖానికి మారడం కళ్లకు మంచిది కాదు. అది హాల్లో వద్దన్నాను.

చివరికి ఆ ఎక్స్‌బాక్స్‌కే పనికొచ్చే లెగో రాక్ బ్యాండ్ పాత డిస్కు సంపాదించాం. పాటలు 45, సాహిత్యం చదవడానికి రెండు సాయంత్రాలు పట్టింది. ఆరేళ్లవాళ్ల కోసం అందులో ‘సూపర్ ఈజీ’ ఉంది, ఏ మీట నొక్కినా ఒప్పుకుంటుంది. పదేళ్ల లోపువాళ్లు ఆడేటప్పుడు పెద్దవాళ్లొకరు పక్కన కూర్చోవాలని వంతులు రాశాం. గిటార్ హీరో డిస్కు ఆఫీసు గది బీరువాలో ఉంది, పదమూడేళ్ల పిల్లలిద్దరికీ సాయంత్రం ఆరు తర్వాత ఇస్తున్నాం. టీవీ పక్కన కాగితం అంటించాను: పిల్లకు మూడు పాటలు, తర్వాత గిటారు పక్కవాళ్లకు, టీవీ వాల్యూమ్ 18 దాటకూడదు, బ్లూటూత్ వద్దు.