రెడ్ లైట్ కెమెరా నోటీసు, టెక్సాస్ నిషేధం: నా అనుభవం

డల్లాస్ పక్కన మేముండే ఊళ్లో 2018లో నా పేరు మీద రెడ్ లైట్ కెమెరా (రెడ్ ఉండగా కూడలి దాటే బండ్లను ఫొటో తీసేది) నోటీసు వచ్చింది. 75 డాలర్లు, గడువు దాటితే ఇంకో 25. కవర్లో ఫొటోలున్నాయి: తెల్ల గీత ముందు కారు, కూడలిలో కారు, దగ్గరగా నంబర్ ప్లేటు. నడిపిందెవరో కనపడదు. బండి ఎవరి పేరున ఉంటే తప్పు వాళ్లదే అనుకోమనేది అప్పటి చట్టం.

"లైసెన్సు మీద పాయింట్లేమీ పడవన్నా, కట్టేసెయ్" అన్నాడు ఆఫీసులో ఒక తమ్ముడు. అది సివిల్ జరిమానా, పాయింట్లు పడని మాట నిజమే. కానీ కడితే తప్పు ఒప్పుకున్నట్టే. పట్టించుకోకుండా వదిలేసినా అంతే, పైగా అప్పట్లో బండి రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఆగిపోయే వీలుండేది.

నోటీసు నంబరుతో ఆన్‌లైన్‌లో వీడియో తెరిచాను. నేను కుడికి తిరుగుతున్నాను. టెక్సాస్‌లో వద్దని బోర్డు లేకపోతే, రెడ్ ఉన్నా పూర్తిగా ఆగి కుడికి తిరగొచ్చు. వీడియోలో నా కారు గీత దగ్గర ఆగే ఉంది. బ్రేక్ లైట్లు వెలుగుతున్నాయి, ముందు చక్రం కదలట్లేదు, ఎడమ నుంచి వచ్చిన పికప్ ట్రక్కు దాటిపోయాకే కదిలింది. ఫొటోల్లో ఇదేదీ లేదు!

గడువులోపే హియరింగ్ (విచారణ) అడుగుతూ ఉత్తరం పంపాను. వినేది జడ్జి కాదు, సిటీ పెట్టిన హియరింగ్ ఆఫీసర్. కెమెరా తరఫున మనిషెవరూ రాలేదు, అఫిడవిట్ చాలట. "ఒక్కసారి చక్రం చూడండి మేడమ్" అన్నాను. ఆవిడ వీడియో మళ్లీ వేసి చూసి నోటీసు కొట్టేశారు. అయినా నా టెన్షన్ కోపంగా మారింది. పంపేముందే ఎవరైనా ఆ వీడియో సరిగ్గా చూసి ఉండాల్సింది. సెలవు దొరక్క ఎంతమంది కట్టేసి ఉంటారో!

2019లో టెక్సాస్ శాసనసభలో ఈ కెమెరాలను నిషేధించే హౌస్ బిల్ 1631 వచ్చింది. నాకు ఓటు లేదు, అయినా మా ప్రతినిధి ఆఫీసుకు ఫోన్ చేశాను. అడ్రస్ అడిగి, మద్దతని రాసుకున్నారు. నిషేధం వద్దన్నవాళ్ల మాటలో బరువు లేకపోలేదు. కెమెరాలున్నచోట పక్కనుంచి గుద్దుకోవడాలు తగ్గి, వెనకనుంచి గుద్దడాలు పెరిగాయని 2005లో ఫెడరల్ హైవే శాఖ అధ్యయనమే చెప్పింది. ఖర్చులు పోగా వచ్చిన డబ్బులో సగం ట్రామా (ప్రమాదాల్లో గాయపడ్డవాళ్లకు వైద్యం చేసే) ఆసుపత్రుల నిధికి వెళ్లేది. అయినా నిషేధమే సరైందని నా నమ్మకం. శిక్ష వేసేముందు మనిషిని చూడాలి, నంబర్ ప్లేటును కాదు.

జూన్ 1న గవర్నర్ గ్రెగ్ ఆబట్ సంతకంతో అది చట్టమైంది. పాత కాంట్రాక్టులకు మినహాయింపు ఉండటంతో లియాన్ వ్యాలీ లాంటి కొన్ని ఊళ్లలో ఆ తర్వాత కూడా కెమెరాలు నడిచాయి. అలాంటి చోటి నుంచి నోటీసొస్తే ముందు వీడియో చూడండి, తేదీ దాటకుండా హియరింగ్ అడగండి. ఆ బాకీ సాకుతో రిజిస్ట్రేషన్ ఆపే వీలు మాత్రం 2019 చట్టంతో పోయింది.