తాత టాంగ్ టెస్టరు, మావాడి గ్రాఫిక్స్ కార్డు

జనవరిలో మా మినియాపొలిస్ ఇంట్లో మావాడి గదికి హీటరు అక్కర్లేదు. బయట మైనస్ 20 ఉన్నా వాడు టీషర్టుతో కూర్చునుంటాడు. బల్ల కింద పెట్టుకున్న కంప్యూటరే గదిని వెచ్చబెడుతుంది. ఆ పెట్టె రాత్రింబవళ్ళు చేసే పనిలో మా ఇంటి పని ఒక్కటీ ఉండదు. ఎక్కడో యూనివర్సిటీల వాళ్ళు పంపిన లెక్కలు చేసి, జవాబులు తిరిగి పంపుతుంటుంది. కరెంటు బిల్లు మాత్రం మాది. "ఎలాగూ హీటరుకి కట్టాలి కదమ్మా" అని వాడి వాదన. మా ఇంట్లో హీటింగు గ్యాసుతో నడుస్తుంది, గ్యాసు కరెంటుకన్నా చవక, కాబట్టి ఆ వాదనలో సగమే పస ఉంది. పద్నాలుగేళ్ళవాడితో ఆ మిగతా సగం గురించి గొడవ పడటం మానేశాను.

అదే పెట్టెలాంటిది జూన్‌లో, తిరుపతిలో, మేడమీద గదిలో ఆన్ చేస్తే ఎలా ఉంటుందో వాడు ఆలోచించలేదు. నేనూ ఆలోచించలేదు.

మా నాయన ఇల్లు బైరాగిపట్టెడలో. మేము వచ్చిన ప్రతిసారీ తంతు ఒకటే. రేణిగుంటలో దిగడం, మర్నాడు కొండ, ఆ మర్నాడు తిరుచానూరు, ఆపైన ఇంటింటికీ భోజనాలు. ప్రతి ఇంట్లోనూ పిల్లల్ని అడిగే ప్రశ్నలు రెండే. "ఎన్నో క్లాసు?" "తెలుగు వస్తుందా?" మావాడు రెండింటికీ జవాబు చెప్పి ఫోన్లోకి వెళ్ళిపోతాడు. అయిదేళ్ళు ఆదివారం తెలుగు క్లాసుకి తీసుకెళ్ళాను. గుణింతాలు తప్పు లేకుండా రాస్తాడు. వేమన పద్యాలు పది చెప్తాడు. కానీ తాత పక్కన కూర్చోబెడితే మూడో వాక్యం దొరకదు. పైగా క్లాసులో నేర్చుకున్న తెలుగు వేరు, మా నాయన మాట్లాడే తెలుగు వేరు. "యాడికి పోతాండావు రా" అంటే వాడు నా మొహం చూస్తాడు.

ఈసారి నాలుగో రోజుకే వాడికి మేడమీద నా తమ్ముడి కంప్యూటరు దొరికింది. తమ్ముడు బెంగళూరులో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోతూ వదిలేసింది. ఆరు కోర్ల (లెక్కలు చేసే భాగాల) రైజెన్ 3600 ప్రాసెసర్, జీటీఎక్స్ 1660 సూపర్ గ్రాఫిక్స్ కార్డు, 8 జీబీ మెమరీ. మామయ్యకి ఫోన్ చేసి అనుమతి అడిగాడట. (ఈ అలవాటు నేనే పట్టుబట్టి నేర్పాను. మనది కాని మెషిన్ మీద, ముఖ్యంగా కాలేజీ ల్యాబుల్లో, ఆఫీసుల్లో, అడక్కుండా ఇలాంటివి పెడితే అది సేవ అనిపించుకోదు.) ఆ సాయంత్రానికల్లా ఇలా లెక్కలు తెచ్చి చేసి పంపే బోయింక్ అనే ప్రోగ్రాము ఎక్కించి, నక్షత్రాలు వెతికే ఐన్‌స్టైన్ ఎట్ హోమ్ ప్రాజెక్టులో చేర్చి, అన్ని సెట్టింగులూ నూటికి నూరు పెట్టేసి, కిందికొచ్చి పెరుగన్నం తింటున్నాడు.

మా నాయన తలెత్తి మిద్దెవైపు చూశాడు. "ఏమి రా అబ్బోడా, పైన ఆ శబ్దం ఏంది? మిక్సీ ఏమన్నా ఏసినారా?"

మా నాయన కరెంటు డిపార్ట్‌మెంటులో లైన్ ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యాడు. శబ్దం వింటే సరిపోదు, లోడ్ చూడాలి. పైకెళ్ళి గది తలుపు తీశాడు. నేనూ వెనకాలే వెళ్ళాను. పెనం మీదినుంచి వచ్చినట్టు వేడిగాలి మొహాన కొట్టింది. కార్డు 84 డిగ్రీల దగ్గరుంది. ఆయన తిట్టలేదు. కిందికొచ్చి బీరువా పైనున్న తోలు సంచీలోంచి టాంగ్ టెస్టరు తీశాడు, తీగ చుట్టూ బిగించి ఎంత కరెంటు పోతోందో కొలిచేది. రిటైరయ్యాక దాన్ని ఆయన చేతిలో చూడటం నాకు అదే మొదలు.

మావాడు ఉత్సాహంగా దాన్ని తీసుకుని కంప్యూటరు కరెంటు వైరు చుట్టూ బిగించాడు. సున్నా. పాడయిందేమో అన్నాడు. మా నాయన నవ్వాడు. "రెండు తీగలూ కలిపి పట్టుకుంటే పొయ్యే కరెంటు, వచ్చే కరెంటు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి రా. ఫేజు ఒక్కటే పట్టుకోవాల." అరగంటలో మూడు తీగలూ విడివిడిగా ఉండేట్టు ఒక చిన్న ఎక్స్‌టెన్షన్ బాక్సు కట్టాడు. ఈసారి 1.2 ఆంపియర్లు చూపించింది. ఆయనకి కాయితం అక్కర్లేదు. "270 వాట్లు దాటింది. రోజంతా ఆడితే ఆరున్నర యూనిట్లు. నెలకి 200. ఈ ఇల్లు మొత్తం కలిపినా నేను అంత కాల్చను. స్లాబు మారిపోతాది."

అక్కడ మావాడికి తెలుగు అవసరం పడింది. తాతకి ఇంగ్లీషు కొంచెం వచ్చు, కానీ వాదించేంత రాదు. వీడికి వాదించాల్సిన పని పడింది.

"తాతా, ఈ కంప్యూటర్ నక్షత్రాలు వెతుకుతున్నాడు."

"వెతకతా ఉంది అనల్ల. మనిషి కాదు కదా. యాడ వెతకతా ఉంది?"

పల్సార్ల గురించి చెప్పాలి. గిర్రున తిరిగే చచ్చిపోయిన నక్షత్రం, లైట్‌హౌస్ లాగా తిరిగినప్పుడల్లా ఒక సంకేతం పంపుతుంది, అది రొదలో కలిసిపోయి ఉంటుంది, ఎన్ని సెకన్లకోసారి తిరుగుతుందో ముందు తెలీదు, కాబట్టి లక్షల అంకెలు పెట్టి ఒక్కోటీ సరిపోతుందా అని చూడాలి. ఇదంతా వాడు చేతులు తిప్పుతూ, నన్ను మాటలు అడుగుతూ, ఇరవై నిమిషాలు చెప్పాడు. 'రొద' నేనందించిన మాటే. మా నాయన అంతా విని, "గాదంకిలో రాడార్ ఉండాదే, అట్లాంటిదా?" అన్నాడు.

గాదంకి తిరుపతినుంచి చిత్తూరు పోయే దారిలో ఉంటుంది. ఆకాశంలోకి రేడియో తరంగాలు పంపి, పైన గాలి కదలికలనుంచి తిరిగొచ్చే బలహీనమైన జాడని పట్టుకునే రాడార్ అక్కడుంది. 1024 యాంటెన్నాలు వరసలు కట్టి నిలబడి ఉంటాయి. ఇప్పుడది జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల. దాని పక్కనుంచి కాణిపాకానికి పదిసార్లయినా వెళ్ళుంటాం. నేను పిల్లలకి ఒక్కసారీ చెప్పలేదు. గుడి వస్తోంది, దణ్ణం పెట్టుకో అనే చెప్పాను.

ఇక సెట్టింగుల కథ. అన్నీ నూటికి నూరు పెడితే ఎక్కువ పని జరుగుతుందని మావాడి నమ్మకం. ఆరు కోర్లకి పన్నెండు థ్రెడ్లు, అంటే ఒకేసారి పన్నెండు పనులు నడపగల వరసలు; పన్నెండింటికీ ప్రాసెసర్ పనులిస్తే కార్డుకి పని అందించే తీరిక ఎవరికీ ఉండదు. ఇలాంటి ఎన్విడియా కంపెనీ కార్డు మీద నడిచే ఈ లెక్కలకి ఒక థ్రెడ్ దాదాపు పూర్తిగా కావాలి. ఇది తెలిసి కూడా మావాడు ఆ తొందరలో మర్చిపోయాడు. తాతకి చెప్తూ చెప్తూ గుర్తు చేసుకున్నాడు. మా నాయన దాన్ని తన దారిలోకి మార్చేసుకున్నాడు: "లడ్లు చుట్టేదానికి నూరుమందిని కూర్చోబెడితివి. బూందీ తెచ్చి పోసేవాడు ఒకడు లేకపోతే నూరుమందీ చేతులు కట్టుకోని కూర్చోవాల్సిందే గదా." ప్రాసెసర్‌కీ గ్రాఫిక్స్ కార్డుకీ తేడా ఇంతకన్నా బాగా నేనెక్కడా వినలేదు. వంటమనిషి ఏ వంటయినా చేస్తాడు, లడ్డు చుట్టే వరస ఒక్క పనే చేస్తుంది, కానీ అందరూ ఒకేసారి చేస్తారు.

చివరికి ప్రాసెసర్‌కి అయిదు పనులే ఇచ్చి, మిగతా థ్రెడ్లు ఖాళీ వదిలాడు. బోయింక్‌లో ప్రాసెసర్ వాడకం తగ్గించడానికి రెండు అంకెలుంటాయి, చాలామంది తికమక పడతారు. ఒకటి ఎన్ని కోర్లు వాడాలన్నది. రెండోది ఎంత సమయం వాడాలన్నది. రెండోది తగ్గిస్తే ప్రోగ్రాము కాసేపు ఆగి, కాసేపు నడిచి, వేడి పైకీ కిందికీ ఊగుతుంటుంది. మా నాయన చెవికి అది వెంటనే దొరికింది: "ఫ్యాను ఆయాసపడతా ఉండాది." అందుకని కోర్లు తగ్గించి, సమయం పూర్తిగా వదిలేశారు. కార్డుకి కంపెనీ పెట్టిన హద్దు 125 వాట్లు. దాన్ని 90కి దించాడు. ఒక్కో పనికి రెండు మూడు నిమిషాలు ఎక్కువ పట్టింది, అంతే. మినియాపొలిస్‌లో కార్డుకి ఒకేసారి రెండు పనులిస్తాడు, ఇక్కడ ఒక్కటే. తమ్ముడు ఎప్పుడు తెరిచాడో ఏమో, పెట్టెలో వేలు మందాన దుమ్ము. వీధి చివరి మెకానిక్ దగ్గర బ్లోయర్ అడిగి తెచ్చి మిద్దెమీద ఊదారు ఇద్దరూ. కార్డు 68కి దిగింది.

రాత్రి పదినుంచి ఉదయం ఆరు దాకా మాత్రమే నడిచేట్టు వేళలు పెట్టారు. మళ్ళీ టాంగ్ టెస్టరు: 0.9. "నెలకి 50 యూనిట్లు. ఇది నేను భరిస్తా" అన్నాడు మా నాయన.

మూడో రాత్రి కరెంటు పోయింది. కంప్యూటరు ఇన్వర్టరు మీద ఉందని అప్పుడు తెలిసింది. కింద ఫ్యాన్లు, పైన ఈ పెట్టె కలిసి తెల్లారేలోపు బ్యాటరీని పీల్చేశాయి. బ్యాటరీ మీద ఉన్నప్పుడు ఆగిపో అనే సెట్టింగు ఉంది కదా అన్నాడు మావాడు. ఉంది, ల్యాప్‌టాప్‌కి. ఇంటి ఇన్వర్టరు సంగతి కంప్యూటరుకి ఎవరు చెప్తారు? మర్నాడు మా నాయన ఆ ప్లగ్గుని ఇన్వర్టరు లైన్లోంచి తప్పించి మామూలు లైనుకి కలిపాడు. పని సగంలో ఆగిపోతే అంతా పోతుందా అని ఆయన దిగులు. పోదు, మధ్యమధ్యలో ఎక్కడిదాకా చేసిందో రాసి పెట్టుకుంటుంది, మళ్ళీ అక్కడినుంచే మొదలెడుతుంది. మావాడి దగ్గర 'చెక్‌పాయింట్' తప్ప మాట లేదు. "పుస్తకంలో నెమలీక పెట్టుకున్నట్టు" అన్నాడు తాత. మావాడికి నెమలీక ఏమిటో చెప్పడానికి ఇంకో పది నిమిషాలు.

గొడవ వచ్చింది పాయింట్ల దగ్గర. చేసిన పనికి బోయింక్ పాయింట్లిస్తుంది, దేశాలవారీగా, జట్లవారీగా వరసలుంటాయి. మావాడు రోజుకి పదిసార్లు చూసుకుంటాడు. మా నాయనకి అది నచ్చలేదు. ఆయన శ్రీవారి సేవకి వెళ్ళొచ్చిన మనిషి, అన్నప్రసాదం వడ్డించాడు. "సేవకి మార్కులేంది రా? వడ్డించినోడు ఎన్ని విస్తర్లని లెక్కబెట్టుకుంటాడా?" మావాడు కాసేపు ఆలోచించి, తప్పుల్లేని తెలుగులో అన్నాడు: "ఏడు రోజులు చేశానని నువ్వు అందరికీ చెప్తావు కదా తాతా. అదీ లెక్కే." నేను నాలిక్కరుచుకున్నాను. మా నాయన పగలబడి నవ్వాడు. ఆ తర్వాత రోజూ పొద్దున కాఫీతోపాటు "ఎన్నొచ్చినాయి?" అని ఆయనే అడిగేవాడు.

నాకు ఈ వ్యవహారం కొత్తేం కాదు. 2001లో తిరుపతిలోనే ఇంజనీరింగ్ చదివే రోజుల్లో మా ల్యాబులో ఒక సీనియర్ స్క్రీన్‌సేవరుగా సెటి ఎట్ హోమ్ నడిపేవాడు. గ్రహాంతరవాసుల మాటలు వినడానికి అని చెప్తే నమ్మలేదు. 1999లో మొదలైన ఆ ప్రాజెక్టు 2020 మార్చిలో కొత్త పని పంపడం ఆపేసింది. సరిగ్గా ఆ నెలలోనే మావాడు మొదలుపెట్టాడు. బడి మూతపడింది, తొమ్మిదేళ్ళ వాడు ఇంట్లో ఉన్నాడు, వాళ్ళ నాన్న పాత కంప్యూటరులో ఫోల్డింగ్ ఎట్ హోమ్ ఎక్కించి ఇచ్చాడు. కరోనా వైరస్ ప్రోటీన్లు ఎలా కదులుతాయో లెక్కగట్టే పని. అప్పుడు ప్రపంచమంతటా ఎంతమంది చేరారంటే, అన్ని ఇళ్ళ కంప్యూటర్లూ కలిసి ఎక్సాఫ్లాప్ దాటాయి. అంటే సెకనుకి ఒకటి పక్కన పద్దెనిమిది సున్నాలన్ని లెక్కలు. ఏ ఒక్క సూపర్ కంప్యూటరూ అప్పటికి అక్కడికి చేరలేదు.

అమ్మ 2021 మేలో పోయింది. మేము రాలేకపోయాం.

ఒక రాత్రి మిద్దెమీద పడుకున్నప్పుడు మావాడు ఆ సంగతి తీశాడు. "అవ్వకి జ్వరం వచ్చినప్పుడు నా కంప్యూటర్ కరోనా పని చేస్తా ఉండింది తాతా." చేస్తా ఉండింది. వాడికి తాత యాస ఎప్పుడు పట్టుకుందో నేను గమనించలేదు.

"దాంతో మందు వచ్చిందా?"

"ఒక్కదాంతో రాదు. వైరస్ మీద ముల్లులాగా ఉంటుంది కదా, అది ఎలా తెరుచుకుంటుందో చూశారు. అందరికీ ఇచ్చేశారు, ఊరికే."

మా నాయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత లేచి కూర్చుని, "ఆ పెట్టె ఇప్పుడు చేసేది నక్షత్రాల పనే గదా? ఆ మందుల పని దీనికి ఇయ్యలేమా?" అన్నాడు. మర్నాడు ఫోల్డింగ్ కూడా ఎక్కించారు. ఒకే కార్డుమీద రెండూ కొట్టుకోకుండా సోమ, బుధ, శుక్రవారాలు ఒకదానికి, మిగతావి ఇంకోదానికి. ఎప్పుడు ఏది ఆపి ఏది మొదలెట్టాలో తాతకి కాలెండరు మీద ఎర్రపెన్నుతో రాసిచ్చాడు మావాడు. తెలుగులో. 'శుక్రవారం'లో క్రావడి లేదు. మా నాయన దిద్దలేదు, నేనూ దిద్దలేదు.

మేమొచ్చేసి నాలుగు నెలలైంది. ఒక్కో కంప్యూటరూ ఆఖరిసారి ఎప్పుడు పలకరించిందో ప్రాజెక్టు పేజీలో కనిపిస్తుంది. మావాడు బడికి వెళ్ళేముందు అది చూసుకుంటాడు. "తాత ఇంట్లో నిన్న రాత్రి రెండు గంటలు కరెంటు లేదు" అని వాడు చెప్పాకే నాకు తెలుస్తుంది. నేను వారానికోసారి చేసే ఫోను వాడిప్పుడు రోజు విడిచి రోజు చేస్తున్నాడు. విషయం సగం కాలం ఆంపియర్లే.

పోయిన వారం రెండు రోజులపాటు ఆ పెట్టె ఉలుకూ పలుకూ లేదు. వాడి మొహం పాలిపోయింది. ఫోను మోగి మోగి ఆగిపోతోంది. పక్కింటి అత్తకి చేద్దామని నేను నంబరు వెతుకుతుంటే నాలుగోసారికి తాత ఎత్తాడు. వెనక నాదస్వరం, జనం గోల.

"యాడుండావు తాతా?" అని అరిచాడు మావాడు.

"చిత్తూర్లో పెండ్లి రా అబ్బోడా. ఇల్లు బీగం ఏసి, మెయిన్ ఆపేసి వచ్చినా. ఏం, పని తిరిగి పంపే గడువు దాటిపోతాదా?"

"ఇంకా ఆరు రోజులుంది. నువ్వు అన్నం తిన్నావా?"