చెక్క ఫ్లోరింగ్ వారంటీ: విప్పని పెట్టే మాకు సాక్ష్యం

తిరుపతిలో మా ఇంటి మేడ మీద గదులకు ఇంజనీర్డ్ ఓక్ ఫ్లోరింగ్ వేయించాం. కింద ప్లైవుడ్, పైన అసలు చెక్క పొర ఉండే పలకలవి. చెన్నైలో కొన్నాం. బిల్లుతో పాటు పదేళ్ల వారంటీ కార్డు కూడా ఇచ్చారు. ఏడాది తిరక్కుండానే అంచుల దగ్గర పైపొర లేవడం మొదలైంది. మా అత్తమ్మ నడుస్తుంటే చీర అంచు దానికి పట్టుకునేది. ఆవిడ ఎక్కడ పడిపోతారోనని నాకు ఒకటే టెన్షన్.

కంపెనీ మనిషి వచ్చి, తేమ మీటరు ఒక మూల పెట్టి చూసి, ఫోటోలు తీసుకుని వెళ్లిపోయాడు. తర్వాత మెయిల్ వచ్చింది: నేలలో తేమ వల్ల పాడైంది, వారంటీ వర్తించదు అని. షాపువాళ్లేమో కంపెనీని అడగమన్నారు. కంపెనీవాళ్లు పలకలు వేసిన పనివాళ్ల మీదికి తోశారు. లక్షలు తీసుకుని ఇలా మాట్లాడితే ఒళ్లు మండదా!

మాకు తెలిసిన కార్పెంటర్ వచ్చి చూశాడు. "కింద నుంచి తేమ ఎక్కితే పలక అంచులు లేచి నడుమ గుంట పడుతుందక్కా. ఇది సాపుగానే ఉంది, పైపొర ఒక్కటే ఊడొస్తా ఉంది. జిగురు పట్టలేదు" అన్నాడు. కానీ మాటతో కంపెనీ ఒప్పుకోదు కదా. ఒక మూల పలకలు తీయించి, సిమెంటు నేల మీద పాలిథీన్ షీటు పరిచి, నాలుగు వైపులా టేపు అంటించాం. నేలలో తేమ ఉంటే మర్నాటికి షీటు లోపల చెమ్మ పడుతుంది. మాకు పొడిగానే ఉంది.

అసలు సాక్ష్యం అటక మీద దొరికింది. పని అయ్యాక మిగిలిన పెట్టె, సీలు కూడా తీయనిది. లేబుల్ మీద బ్యాచ్ నంబరు బిల్లులో ఉన్నదే. వీడియో తీస్తూ విప్పాం. అందులోని పలకల్లోనూ పైపొర లేచే ఉంది! నేలను తాకని పలకకు నేల తేమ ఎలా తగులుతుంది? ఇదే ప్రశ్న ఫోటోలతో, వీడియోతో కంపెనీకి రాశాను. మిగిలిన పలకల్ని, లేబుళ్లని దయచేసి ఎవరూ పారేయకండి.

జవాబు రాలేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. అది కోర్టు కాదు, మన ఫిర్యాదును కంపెనీకి పంపి జవాబు అడుగుతారు. దాంతో పాటు రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, చెన్నైలో కొన్నా మనం ఉండే జిల్లా కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, గడువు రెండేళ్లు. ఇదంతా నోటీసులో రాశాక కంపెనీ స్వరం మారింది. ఈసారి ఇంకో మనిషి వచ్చి ఆ పెట్టెలోంచి ఒక పలక తీసుకెళ్లాడు.

కొత్త పలకలు ఇస్తామన్నారు. పాతవి పీకి కొత్తవి వేసే కూలీ మాత్రం వారంటీలో లేదన్నారు. కార్డులో నిజంగానే అలా ఉంది, అయినా లోపం వాళ్లదైనప్పుడు మేమెందుకు కట్టాలని పట్టుబడితే సగానికి ఒప్పుకున్నారు. ఆ సగం న్యాయమని నేను ఇప్పటికీ అనుకోను. కేసు వేసి మరింత కాలం అత్తమ్మను ఆ నేల మీద నడిపించలేక సరేనన్నాను.

కొత్త పలకల వారంటీ ఏ తేదీ నుంచి లెక్కిస్తారో కార్డులో లేదు. అది కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇచ్చాకే పాతవి పీకనిచ్చాను.