సప్రెసర్‌తో ఎంసీఎక్స్ కాల్చాక

టెక్సస్‌లో ఇంటి రక్షణకని చూస్తున్న సిగ్ కంపెనీ ఎంసీఎక్స్ కార్బైన్‌ని (పొట్టి రైఫిల్) నిన్న షూటింగ్ రేంజ్‌లో అద్దెకి తీసుకుని కాల్చాను. 300 బ్లాకౌట్ రకం తూటా, గొట్టం చివర మోత తగ్గించే సప్రెసర్. నాలుగు గోడల మధ్య అది లేకుండా పేలిస్తే చెవులు శాశ్వతంగా దెబ్బతినొచ్చు. సబ్‌సోనిక్ తూటా ధ్వని వేగం దాటదు, అందుకే గాల్లో ఆ ఫెళ్లుమనే మోత లేదు. తుపాకీ లోపలి బోల్ట్ వెనక్కి కొట్టుకునే లోహపు చప్పుడు స్పష్టంగా వినపడింది! తూటా పేలినప్పుడు వచ్చే గ్యాస్‌ని నియంత్రించే వాల్వ్‌ని సప్రెసర్ సెట్టింగ్ వైపు తిప్పితే పొగ కూడా కళ్లలోకి పెద్దగా రాలేదు. పనితనం అద్భుతం.

ముందువైపు బరువు మాత్రం నచ్చలేదు. మా ఇరుకు హాల్లో ఆ పొడవుతో మలుపు తిరగడం కష్టం. 2026 జనవరి నుంచి సప్రెసర్ మీద 200 డాలర్ల ట్యాక్స్ సున్నా అయింది కానీ కొనడానికి ప్రభుత్వ అనుమతి కోరే ఫారం 4, వేలిముద్రలు తప్పవు. ఇంట్లో చిన్నపిల్లలున్నారు, ముందు గట్టి సేఫ్ కొంటున్నా.